టైలర్ మాస్టారి కారు చేసిన చప్పుళ్లు

కార్ల మెకానిక్కు చెవులాయన షెడ్డుకి ఎంతటివాళ్లు వచ్చినా సరే, కారు చేస్తున్న చప్పుడేదో ముందు తమ నోటితో చేసి వినిపించాల్సిందే. అది కుదిరితే గానీ ఆయన బానెట్ ఎత్తడు.

"ఏదో చప్పుడొస్తోందయ్యా" అంటే చాలదు. "ఏదో అంటే ఏది? చెయ్యండి!" అంటాడు. ఒకసారి బ్యాంకు మేనేజరు టై సర్దుకుని, అటూ ఇటూ చూసి, మెల్లిగా "టక్ టక్" అన్నాడు. చెవులాయన కళ్లు మూసుకుని విని తల అడ్డంగా ఊపాడు. "మీరు చేసింది వాల్వుల చప్పుడు. మీ బండి లోపలికొస్తున్నప్పుడే విన్నాను, వాల్వులు బంగారంలా ఉన్నాయి. వెళ్లి సరిగ్గా విని రండి." మేనేజరు మర్నాడొచ్చి, షెడ్డు నడిమధ్య నిలబడి, బుగ్గలు పొంగించి "ఠంగ్... గిర్ర్ర్... ఠంగ్!" అనేసరికి ఎదురింటివాళ్లు కిటికీలు తెరిచారు. "ఆఁ! అదీ! ఇంజను మౌంటింగు వదులైంది" అంటూ చెవులాయన అప్పుడు అందుకున్నాడు స్పానరు. గంటలో పనైపోయింది.

బిగించడం పూర్తయిన ప్రతి బోల్టు మీదా ఆయన పసుపు రంగు చుక్క పెడతాడు. ఆ చుక్క పడిందంటే ఇక దాన్ని బ్రహ్మదేవుడు కూడా ముట్టుకోనక్కర్లేదు.

షెడ్డులో రెండో మనిషి ఆయన బావమరిది. బావకున్న చెవులు తనకి లేవు గనక చేతుల్ని నమ్ముకున్నాడు. నోరు విప్పడం కన్నా నట్టు విప్పడం తేలికనుకునే రకం. అలాంటివాడు ఈమధ్య నిద్రలో పళ్లు కొరుకుతున్నాడు. కారణం టైలర్ మాస్టారి పాత కారు.

ఆ కారు షెడ్డులో చేరి పదకొండు రోజులైంది. రోజూ నాలుగింటికి మాస్టారు ఫ్లాస్కు పట్టుకుని వస్తాడు, నోటితో చప్పుడు చేస్తాడు. "తిప్పి చూడాలి" అంటూ చెవులాయన స్టీరింగు ముందు కూర్చుంటాడు. మాస్టారు పక్క సీట్లో. రెండు గంటల తర్వాత తిరిగొచ్చి, "ఇంకా దొరకలేదు" అంటాడు చెవులాయన, చల్లగా. పైగా మాస్టారి చప్పుడు రోజుకో తీరు! మొన్న "టకటక", నిన్న "కీచ్ కీచ్". బ్యాంకు మేనేజర్ని వెనక్కి పంపిన మనిషి ఈయన ఏమన్నా తలూపుతున్నాడు.

ఇదంతా చూసి, పన్నెండు ట్యాక్సీల యజమాని పెదవి విరిచాడు. తన బళ్లన్నిటినీ ఈ షెడ్డుకే అప్పగిద్దామని వచ్చిన మనిషి. "పదకొండు రోజులుగా ఒక్క చప్పుడు పట్టుకోలేదా? నా బళ్లిస్తే ఇక్కడే ముసలివైపోతాయి. రేపు నాలుగింటికొస్తా. అప్పటికి పట్టుకోండి, లేదంటే పక్క వీధిలో ఇంకో షెడ్డుంది."

బావమరిదికి రోషం పొడుచుకొచ్చింది. మర్నాడు పొద్దున్నే బావ కన్నా ముందొచ్చి కారు మీద పడ్డాడు. బెల్టు తీసి కాసేపు ఇంజను నడిపాడు. ఆల్టర్నేటరూ, నీళ్ల పంపూ నిర్దోషులని తేలింది. బెల్టు మళ్లీ ఎక్కించి, పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి, పిడి చెవికి ఆనించి అంగుళం అంగుళం విన్నాడు. చల్లగా ఉన్నప్పుడు విన్నాడు, వేడెక్కాక విన్నాడు. ఇంజను పాలు తాగి పడుకున్న పసిపిల్లలా ఉంది. చప్పుడన్నది లేదు.

"నువ్వో, నేనో!" అంటూ వీపు నేలకానించి కిందికి దూరాడు. సైలెన్సరు గొట్టం మీది రేకంతా తుప్పు. ఆ తుప్పు మధ్యలో తళతళలాడుతూ ఒక కొత్త క్లిప్పు. క్లిప్పు మీద పసుపు చుక్క. చుక్క మీద గోటితో గీకితే లేచేంత దుమ్ము.

"బావా!"

అప్పుడే వచ్చిన చెవులాయన గొంతుక్కూర్చుని కిందికి వంగి చూశాడు. "దొరికిపోయానా?"

"ఇదెప్పుడు బిగించావు?"

"మొదటి రోజే. ఆ రేకు అదరడం మానేసింది."

"మరి ఈ పది రోజులూ ఊరేగిందేమిటి?"

"అరవకు. మాస్టారి భార్యకి తుంటి ఆపరేషనైంది. ఆసుపత్రేమో ఊరి ఆ చివర. ఈయన చేతులు వణుకుతున్నాయి, ఆ రోజు ఇక్కడికొస్తూ మన గేటుని గీకేశాడు. రోజూ దింపుతానంటే 'ఒకళ్లకి బరువు కాను' అన్నాడు. కారు తిప్పి చూడాలన్నాను, మారుమాట లేకుండా ఎక్కాడు."

"అందుకేనా ఆయన ఏం చప్పుడు చేసినా ఊరుకుంటున్నావు?"

"పాపం, ఆయన దగ్గర చప్పుళ్లు అయిపోవచ్చాయిరా. ఇవాళేం చేస్తాడో!"

నాలుగయ్యింది. ట్యాక్సీల యజమాని వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పట్టుకున్నారా, లేదా?"

వెనకే గుమ్మంలో మాస్టారు. ఆ మాట వినగానే ఆయన ఫ్లాస్కుని గుండెకి హత్తుకున్నాడు. బావమరిది పన్నెండు ట్యాక్సీల వంకా చూశాడు, ఒక్క ఫ్లాస్కు వంకా చూశాడు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

"లేదండీ. పొద్దున్న నేనూ విన్నాను. ఇంకా వస్తోంది."

"ఏమని వస్తోంది?"

పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఈల కూడా వేయని మనిషి, కళ్లు గట్టిగా మూసుకుని అందుకున్నాడు: "గిర్ర్ర్... టిప్... టిప్... భౌ!"

ట్యాక్సీల యజమాని ఒక అడుగు వెనక్కేశాడు. "మీకో దండం" అని వెళ్లిపోయాడు. ఆయన వెంటే పన్నెండు ట్యాక్సీలూ పక్క వీధికి పోయాయి.

చెవులాయన కారు స్టార్టు చేసి కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏరా, చివర్న ఆ 'భౌ' ఏమిటి?"

"కుక్క అడ్డొచ్చింది బావా. నువ్వు పోనీ!"

మరో వారానికి మాస్టారు ఫ్లాస్కు లేకుండా వచ్చాడు. "ఆవిణ్ణి ఇంటికి పంపించేశారు. నా చెవికైతే ఇంక చప్పుడు వినిపించట్లేదు" అంటూ ఇద్దరి చేతుల్లో చెరో కొత్త ఖాకీ చొక్కా పెట్టాడు. చొక్కాలు విప్పి చూస్తే, జేబుల మీద పసుపు దారంతో కుట్టిన చుక్కలు.

బావమరిది ఆ చుక్క మీద వేలు పెట్టి చూశాడు. "అయితే మీకు ముందే..."

"మొదటి రోజే వంగి చూశానులే నాయనా. అదటుంచు" అని మాస్టారు చెవులాయన వైపు తిరిగాడు. "ఇన్ని చేశాను కదా, నా చప్పుళ్లలో ఏది బాగుంది?"

చెవులాయన కళ్లు మూసుకుని వేళ్ల మీద ఒక్కో రోజూ లెక్కపెట్టాడు. "నాలుగో రోజుది. మీరటు వెళ్లగానే భయమేసి గేరుబాక్సు విప్పి చూసుకున్నాను."