అమ్మ నొసట పడని వాత

నా చిన్నప్పుడు, తెల్లదొరల కాలంలో, మా అమ్మ మార్కాపురం గనుల్లో పలకరాయి మోసేది. మద్రాసు బడుల్లో పిల్లలు దిద్దుకున్న పలకలు ముందు మా అమ్మ నెత్తి మీదే ప్రయాణం చేశాయి. మా నాయన వెదురు నరకడానికి నల్లమలకు పోయి మూడు నెలలైనా కబురు లేదు. ఆ దిగులుతో, చంటి తమ్ముడి ఏడుపుతో అమ్మకు కంటి మీద కునుకు ఉండేది కాదు. తెల్లారితే తల పగిలిపోతోందని గోడకు ఆనుకుని కూర్చునేది.

ఒక ఆదివారం మా జేజి, అంటే నాయన తల్లి, తేల్చి చెప్పేసింది. తలనొప్పి పోవాలంటే దీపాల వేళకు కాల్చిన సూదితో అమ్మ నొసట వాత పెట్టాల్సిందేనని. జేజి నొసట అలాంటి మచ్చలు రెండున్నాయి. తాను ఓర్చుకున్నది కోడలు ఓర్చుకోలేదా అని ఆమె పట్టుదల. నాకు ఒళ్ళు మండింది గానీ ఎనిమిదేళ్ళ ఆడపిల్ల మాట ఎవరు వింటారు?

ఈ సంగతి విని మా పెద్దమ్మ, అమ్మకు అక్క, పరుగున వచ్చింది. చర్చిలో పాట ఎత్తుకునే మనిషి కాబట్టి ఆమె మాటకు జేజి కూడా ఎదురు చెప్పేది కాదు. ఉపవాస ప్రార్థన పెడుతున్నానని, పొద్దు గూకేదాకా ఎవరూ తలుపు తట్టొద్దని చెప్పి అమ్మను లోపలికి తీసుకుపోయింది. తమ్ముణ్ణి నా ఒళ్ళో పడేసి నన్ను గడప ముందు కూర్చోబెట్టింది. జేజి వసారాలో చేతులు జోడించుకుని కూర్చుంది.

నేను తలుపు సందులోంచి చూశాను. ఉపవాసం ఎక్కడిది! కొంగు చాటున తెచ్చిన సంకటి ముద్ద అమ్మకు తినిపించి, చాప మీద పడుకోబెట్టి, పెద్దమ్మ జోలపాటంత మెల్లగా కీర్తన పాడుతోంది. కాసేపటికే అమ్మ గురక పెట్టింది. పెద్దమ్మ పాట ఆపకుండానే నాకు వేలు చూపి బెదిరించింది.

దీపాల వేళకు అమ్మ బయటికి వచ్చింది. చెంప మీద చాప అచ్చు పడి ఉంది. అప్పటికే సూదిని నిప్పుల్లో పెట్టిన జేజి ఆ అచ్చు చూడనే చూసింది.

"ప్రార్థన చేసినావా, పండుకున్నావా?"

"పండుకున్నా అత్తా. నొప్పి తగ్గింది. మళ్ళా వస్తే మళ్ళా పండుకుంటా. నా నొసట సూది మాత్రం పడనియ్యను."

మా ఇంట్లో ఒక కోడలు అట్లా మాట్లాడటం అదే మొదలు. జేజి తన మచ్చలు తడుముకుంటూ ఉండిపోయింది. ఆ సూది నిప్పుల్లోనే ఉండిపోయింది.

తర్వాతి ఆదివారం జేజి తానే పెద్దమ్మ దగ్గరికి పోయింది. "నాకూ ఒక ప్రార్థన పెట్టు తల్లీ. నేను పెండ్లయిన కాడి నుంచి సరిగా నిద్ర పోలేదు" అంది.

ఆ ఏడు కోతలకు నాయన తిరిగొచ్చాడు. అయినా అమ్మ ఆదివారం నిద్ర మానలేదు. ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. ఆదివారం మధ్యాహ్నం నేనూ తలుపు వేసుకుంటాను. ఎవరైనా తలుపు కొడితే ప్రార్థన అని సాకు చెప్పను. నిద్రపోతున్నాను, పోయి మళ్ళీ రండి అని లోపలి నుంచే అరుస్తాను.