మౌనవ్రతం కాదండీ

పంటి వాపుతో నోరు తెరుచుకోని స్థితిలో ధవళేశ్వరం లాకులో ఆగిన పడవలో కూర్చున్నాను. పడవని కింది కాలవ మట్టానికి దించడానికి రెండు వైపులా లాకు తలుపులు మూసి, నీళ్ళు వదులుతున్నారు. నీళ్ళు దిగేకొద్దీ గోడలు పైకి లేస్తున్నాయి. నేను పలకకపోయేసరికి తోటివాళ్ళు మౌనవ్రతం అనుకుని, దణ్ణం పెట్టి దూరం జరిగారు. కాదని చెప్పడానికి నోరు లేదు.

ఎదుటి పెద్దావిడ మాత్రం నేను మాటిమాటికీ చొంగ తుడుచుకోవడం కనిపెట్టింది.

"మీ చెంబులో నీళ్ళే ఓ గుక్క మింగండి బాబూ."

మింగలేకపోయాను. నీళ్ళు గడ్డం మీదుగా కారిపోయాయి.

"వ్రతం కాదండీ! వాపు గొంతులోకి దిగింది. ఇంకాసేపుంటే ఊపిరాడదు. తలుపు తియ్యగానే ఆసుపత్రికి మోసుకెళ్ళండి!" అని అరిచింది.

దణ్ణం పెట్టిన చేతులే నన్ను మోసుకెళ్ళాయి. ఆవిడ పడవతో వెళ్ళిపోయింది.

ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా పన్ను నొప్పంటే, లవంగం ఇచ్చేముందు నీళ్ళు మింగి చూపించమంటాను.