ఒడ్డు రంగు

మా ఇంట్లో సముద్రం రెండడుగుల పొడవుంటుంది. హాలులో గోడవారగా ఇనుప స్టాండు మీద ఒక గాజు తొట్టి, అందులో ఉప్పునీళ్ళు, చిల్లులు పడిన రాళ్ళు, ఆ రాళ్ళను పట్టుకొని బతికే పగడాలు, రెండు చిన్న చేపలు. తూంకుంటలో ఒక సారు ఇల్లు ఖాళీ చేస్తూ దాన్ని నాకిచ్చారు. ఆయన ఇంట్లో లైట్లు విప్పడానికి వెళ్ళిన నేను తొట్టి ముందు నిలబడిపోవడం చూశారు.

"పట్టుకుపో. కానీ పైనున్న లైటు కాలిపోయింది. లైటు లేకపోతే పగడాలు ఎక్కువ రోజులు బతకవు. లైట్ల పనే కదా నీది, ఒకటి తయారుచేసుకో" అన్నారు.

నేను దూలపల్లిలో ఎల్‌ఈడీ ప్యానెళ్ళు చేసే చిన్న యూనిట్లో పనిచేస్తాను. అయినా తొట్టిని తెచ్చుకున్నది నా పనితనం చూపించుకోవడానికి కాదు. నా భార్య కోసం.

ఆమెది కాకినాడ అవతల సముద్రపు ఒడ్డున ఒక జాలర్ల ఊరు. సముద్రం ఏటా కొంత కోసుకుంటూ వచ్చి ముందు కొబ్బరి చెట్లను, తర్వాత వీధిని, ఆఖరికి వాళ్ళ ఇంటిని తీసుకుంది. ఇల్లు పోయాక వాళ్ళ అమ్మానాన్నలు మా వైపు నాగారం వచ్చి అద్దెకు దిగారు. ఆమె మా యూనిట్లో ప్యాకింగ్ పనిలో చేరింది. అక్కడే పరిచయమయ్యాం, పెద్దవాళ్ళను ఒప్పించాం. మాదీ చేపల ఇల్లే, మా నాయిన శామీర్‌పేట చెరువులో వల వేస్తాడు. సంబంధం మాట్లాడుకున్న రోజున మా నాయిన, "వాళ్ళయి ఉప్పునీళ్ళు, మనయి సప్పటి నీళ్ళు. కలిపితే సరిపోతది తియ్యిరి" అంటే రెండు వైపులవాళ్ళూ నవ్వారు.

పెళ్ళయిన కొత్తలో ఆమెను చెరువు కట్ట మీదికి తీసుకెళ్ళాను. వానలు బాగా పడిన ఏడు, నీళ్ళు నిండుగా ఉన్నాయి. ఎలా ఉందని అడిగాను.

"బావుందండి. కానీ అవతలి గట్టు కనబడిపోతోంది కదా" అంది.

ఇంటిని తీసుకెళ్ళిన సముద్రం మీద ఆమెకు కోపం లేదు. దానికి దూరమయ్యానన్న బెంగ మాత్రం ఉంది. ఏ పనిలోనో ఉండి హఠాత్తుగా ఆగి వింటుంది. ఏమిటంటే ఏమీ లేదంటుంది. అక్కడ చెవిలో ఎప్పుడూ ఒక హోరు ఉండేదట, ఇక్కడ అది లేకపోవడమే వినిపిస్తుందట.

నేను సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. కానీ చదివాను. పదో తరగతితో బడి ఆగిపోయినా, మేడ్చల్ గ్రంథాలయంలో సైన్సు బీరువా ముందు నిలబడి చదివిన చదువు నాది. తెలుగులో ఉన్నవి అయిపోయాక నిఘంటువు పక్కన పెట్టుకొని ఇంగ్లీషు పుస్తకాలూ చదివాను. పగడం మొక్క కాదు, జంతువు. దాని ఒంట్లో కంటికి కనబడనంత చిన్న నాచు కాపురముంటుంది. ఆ నాచు వెలుగుతో వండిపెట్టిందే పగడం తింటుంది. కాబట్టి మనం దీపం పెట్టేది నిజానికి నాచుకు. ఈ సంగతి చదివిన సాయంత్రం బస్సులో పక్కన కూర్చున్న మనిషికి కూడా చెప్పాను.

దీపానికి కావలసినవన్నీ ఒక్కొక్కటే సమకూర్చుకున్నాను. వేడిని లాగేయడానికి పళ్ళు పళ్ళుగా ఉండే అల్యూమినియం పలక, దాని మీద వరుసగా ఎల్‌ఈడీలు. ఎక్కువ ముదురు నీలం, కొన్ని తెలుపు, చివర్లలో రెండు ఊదా. కరెంటును అదుపులో ఉంచే డ్రైవరు నీలానికి ఒకటి, తెలుపుకు ఒకటి, వెలుగు తగ్గించి పెంచడానికి విడివిడిగా తిప్పే గుండీలు. ఉప్పు తడి తగిలితే టంకం అతుకులు పచ్చబారి అరిగిపోతాయని కింద ఒక పారదర్శకమైన షీటు బిగించాను. పాత కంప్యూటరు ఫ్యాను పైన పెట్టాను. వేళకు దీపం దానంతటదే వెలగడానికి ఒక టైమరు తగిలించాను.

నేను టంకం పెడుతుంటే మా నాయిన వచ్చి చూసేవాడు.

"నీళ్ళల్ల ఉప్పేస్తివి. శాపలు బతుకుతయారా?"

"ఇవి ఉప్పునీళ్ళ శాపలే, నాయినా."

"కూరకొస్తయా?"

"రావు."

"మరి ఎందుకు? శాపలు పట్టి అమ్ముకున్నోళ్ళం మనం. నువ్వేమో శాపలకు కరెంటు బిల్లు కడుతున్నవ్."

"మామయ్యగారూ, ఆ లైటు చేపలకి కాదంటండి, నాచుకంట" అని వంటింట్లోంచి ఆమె అంటే, "ఇంకా మంచిగున్నది" అని ఆయన బీడీ వెతుక్కుంటూ బయటికి పోయాడు.

దీపం బిగించిన సాయంత్రం కిటికీ తెర వేసి, గుండీలు పూర్తిగా తిప్పి ఆమెను పిలిచాను. నీళ్ళన్నీ నీలమయ్యాయి. రాళ్ళ మీద పగడాలు ఆకుపచ్చగా, నారింజ రంగులో తమలోంచే వెలుగు వస్తున్నట్టు మెరిశాయి. తొట్టివైపు కాకుండా ఆమె ముఖంవైపే చూస్తూ నిలబడ్డాను.

"చాలా బావుందండి" అంది. చుట్టాలు కొన్న కొత్త చీరను చూసి అనే మాటలా ఉంది.

"సముద్రంలెక్క లేదా?"

"ఏ సముద్రం?"

"సముద్రం నీలమే ఉంటది గద! నీళ్ళల్ల ఎరుపు ముందు పోతది, ఎన్కసీరి పసుపు పోతది. లోతు దాకా పోయేది నీలమొక్కటే. నేను చదివిన."

"మేం ఒడ్డున ఉండేవాళ్ళవండీ. లోతులో కాదు."

ఆమె నా చెయ్యి పట్టుకొని, చిన్నబుచ్చుకోవద్దన్నట్టు మెల్లగా చెప్పింది. "మా సముద్రం ఎప్పుడు నీలంగా ఉందనీ? మడ్డిగా ఉండేది. గోదారి నీళ్ళు కలిసేవి కదా. పొద్దున్నే చూస్తే పచ్చా కాదు, పసుపూ కాదు. మా మెట్ల దాకా అదే రంగు." అంతలోనే, "ఇప్పుడైతే మా ఇల్లు లోతులోనే ఉందనుకోండి" అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే పోయింది.

ఆ వారమంతా నా చెవుల్లో ఆమె మాటలే. ఒకవైపు పగడాలు ముడుచుకొని పాలిపోసాగాయి. సముద్రం మీద ఎండ కాస్తుంది కదా అని నేను వెలుగు మొత్తం వదిలాను, అది వాటికి ఎక్కువైంది. తగ్గించాక మెల్లగా కోలుకున్నాయి. కానీ ఉప్పునీళ్ళ కింద ఉన్న ఆ ఇంటి గచ్చు మీద ఇప్పుడు ఏ రంగు వెలుగు పడుతుంటుంది? ఆలోచన అంతా దాని చుట్టూనే తిరిగింది.

ఆదివారం మేడ్చల్ వెళ్ళి ఆ పుస్తకాన్నే మళ్ళీ తీశాను. నేను చదివింది నడిసముద్రం గురించి. ఒడ్డు నీళ్ళ గురించి తర్వాతి పేజీలో ఉంది, మొదటిసారి దాన్ని దాటేసినట్టున్నాను. మట్టి, కుళ్ళిన ఆకుల రసం కలిసిన నీళ్ళలో నీలమే ముందు పోతుందట. లోపలికి చేరేది ఆకుపచ్చకూ పసుపుకూ మధ్య వెలుగట. అది చదువుతుంటే నా కళ్ళ ముందు శామీర్‌పేట చెరువు కదిలింది. చిన్నప్పుడు నాయిన తెప్ప కింద మునిగి కళ్ళు తెరిచేవాణ్ణి. పాలు పోయని చాయ్‌లో ఉన్నట్టుండేది, పైన తెప్ప నల్లగా కనబడేది. అంటే ఆమె చెప్పే రంగును నేను ఎరుగుదును. ఆ ఊరికి వెళ్ళకుండానే.

పలకకు ఒక పక్కన ఖాళీ ఉంది. అక్కడ పసుపు కలిసిన తెలుపు ఎల్‌ఈడీలు, మధ్యలో రెండు ఆకుపచ్చవి వేసి మూడో డ్రైవరు కలిపాను. మర్నాడు తెల్లవారాక నీలం ఇంకా వెలగకముందు ఆమెను తొట్టి ముందు నిలబెట్టి, నేను గుండీల దగ్గర కూర్చున్నాను.

"చెప్పు. ఎట్లుండాలె?"

"పసుపు ఎక్కువైందండి. పెళ్ళిపందిట్లో ఉన్నట్టుంది."

తగ్గించాను.

"ఇప్పుడు నాచుగుంటలా ఉంది. కొంచెం మడ్డి పెంచండి."

"మడ్డికి గుండీ ఎక్కడున్నది? నువ్వే జెప్పు."

"మరి అన్నీ చదివానంటారు!"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆకుపచ్చను ఇంచుమించు ఆర్పేసి, మిగతాది దీపం ఉందా లేదా అన్నంత వరకు తగ్గించాను. ఆమె నవ్వు ఆగింది. చేతిలోని గరిటె పక్కన పెట్టడం మరిచిపోయి, మెల్లగా వంగి, గాజుకు ముఖం దగ్గరగా పెట్టింది.

"ఇదేనా?" అన్నాను.

"కాదండి."

నేను మళ్ళీ గుండీ మీద చెయ్యి వేశాను.

"తిప్పకండి. అలా ఉంచండి."

నీళ్ళు ఉన్నాయో లేవో అన్నట్టున్న ఆ మసక వెలుగులో రాళ్ళు తమ ఇంటి మెట్లలా ఉన్నాయంది. ఆమె నేల మీద చతికిలబడింది. గాజు మీంచి కళ్ళు తీయకుండానే అడిగింది, "ఎంతసేపుంటుందిది?"

"ఈ వెలుగుకు పగడాలు బతకవు. రోజూ పొద్దున ఓ అరగంట పెడత. ఎన్కసీరి నీలం రావాలె."

తల ఊపింది. ఆ అరగంట ఆమె కదలలేదు. నేను పక్కనే కూర్చొని, తను చూస్తున్న చోటే నేనూ చూశాను. నాకు రాళ్ళూ నీళ్ళూ తప్ప ఏమీ కనబడలేదు. ఎన్ని పుస్తకాలు చదివితే కనబడుతుందో తెలియలేదు. టైమరు పడి నీలం మెల్లగా పెరిగింది. పగడాలు ఒక్కొక్కటిగా విచ్చుకోసాగాయి. ఆమె వాటిని చూడలేదు. నీలం ఇంకా చేరని కింది మూలలో కాసింత మడ్డి రంగు మిగిలి ఉంది, అదీ పోయేదాకా అక్కడే చూస్తూ కూర్చుంది.