తీగలకు వేసిన ముడి

ఎవరి మీద ఏ మాట చెప్పినా "ఆగు, చూద్దాం" అంటావెందుకవ్వా అని మొన్న ఫోన్‌లో అడిగావు కదా, బంగారూ. నా చిన్నప్పుడు వాకాడు దగ్గర మా పాళేనికి సర్కారు ఇంజను పడవ ఒకటి వచ్చింది. దాన్ని నడిపే సరంగు మా తాతయ్య. భుజం పాడై అప్పటికే తెడ్డు వేయలేకపోతున్నాడు. ఆ పని పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

పడవలో ఒక పెట్టె ఉండేది. అది నీళ్ళలోకి చప్పుడు పంపి, చేపలకు తగిలి తిరిగొచ్చిన చప్పుడును సూదితో కాగితం మీద నల్లగా గీసేది. నీళ్ళ రంగు చూసి చేప జాడ చెప్పే తాతయ్యకు అది గిట్టేది కాదు. దాన్ని చూసుకోవడానికి నెల్లూరు నుంచి వచ్చిన ఇంజనీరుగారికేమో అదే ప్రాణం.

కొన్నాళ్ళుగా కాగితం నిండా గీతలే, వలలో మాత్రం ఏమీ లేదు. పెట్టె పేరుతో ఆయన మోసం చేస్తున్నారని పాళెంలో గుసగుసలు. తాతయ్యే దాన్ని చెడగొట్టాడని ఆయనకు అనుమానం. ఇద్దరూ ఒకే పడవలో, ఒకరి చేతుల మీద ఒకరు కన్నేసి తిరిగేవాళ్ళు.

ఆ రోజు నేను సంగటి తీసుకెళ్ళేసరికి పడవ, ఏరు సముద్రంలో కలిసే మొగలో కట్టేసి ఉంది. ఇంజను ఆడుతోంది, కాగితం నల్లబడిపోతోంది.

"ఏంది సారూ, ఈ మడుగులో నీళ్ళకంటే చేపలే ఎక్కువుండాయే! దూకి చేత్తో పట్టుకు రమ్మంటారా?" అన్నాడు తాతయ్య.

"ఎగతాళి చాలు. దీన్ని చెడగొట్టింది నువ్వేనని తేలితే రేపట్నుంచి వేరే సరంగు వస్తాడు."

"పెట్టె జోలికి నేను పోలా. మా మనవరాలి మీద ఒట్టు."

ఒట్టు తప్పితే నాకే కీడని భయపడ్డాను. ఇంజనీరుగారు నా మొహం చూసి, సరే తేల్చుకుందామన్నారు. వెళ్ళి ఇంజను ఆపేశారు. పెట్టె బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. నలుపంతా పోయి, ఏటి అడుగు ఒక్కటే గీతగా మిగిలింది. ఇంజను వేస్తే మళ్ళీ నలుపు.

అప్పుడాయన పడవ అడుగు పలకలెత్తి, పెట్టె తీగ వెంట వేలు పోనిస్తూ వెళ్ళారు. పెట్టె తీగా, ఇంజను డైనమో తీగలూ కలిపి కొబ్బరి తాడుతో ఒకే కట్టగా కట్టి ఉన్నాయి.

"నేనే కట్టినా," అన్నాడు తాతయ్య. "కాళ్ళకు చుట్టుకుంటే మనిషి నీళ్ళలో పడడా? పడవలో తాళ్ళన్నీ అట్నే గదా కట్టేది!"

డైనమో కరెంటు అలజడి పక్క తీగలోకి పాకి, కాగితం మీద చేపల్లా గీతలు పడుతున్నాయట. ముడి ఎంతకీ ఊడకపోతే ఇంజనీరుగారు కత్తితో కోసి, పెట్టె తీగను పడవ అవతలి పక్కగా లాగారు. ఇంజను ఆడుతున్నా కాగితం దాదాపు తెల్లగా వచ్చింది.

"ఊరికే అనుమానించినా పెద్దాయనా, ఏమనుకోబాక," అన్నారు. తాతయ్య పని నిలబడింది.

ఎవరి మీదైనా అనుమానం వస్తే ముందు నాలో మోత ఆపి చూస్తాను. అప్పటికీ మచ్చ కనిపిస్తేనే నమ్ముతాను. అది ఇంజనీరుగారి దగ్గర నేర్చుకున్నదే.

కానీ తాతయ్య పడవలో వేసే ముడి ఏదైనా ఒక్క లాగుకు ఊడాల్సిందే, అది ఆయన పట్టుదల; ఆ ముడేమో కత్తికి గానీ వదల్లేదు. ఇంటికి నడుస్తూ, "తాతా, కావాలనే కట్టినావా?" అని అడిగాను.

"నడువు నడువు, ఎండగా ఉండాది," అన్నాడు.

ఆ పూట మబ్బు పట్టి ఉంది, బంగారూ. తెలిసే కట్టాడంటావా?