మెట్‌పల్లి కాదు, మెట్టుపాళెం

సాయవ్వ పదకొండు ఎండాకాలాలు ఊటిలో గడిపింది. చొప్పదండి నుంచి అంత దూరం పోయివచ్చిన ఆడమనిషి ఊరు మొత్తంలో మరొకరు లేరు. దేశం తిరిగిన షావుకార్లు లేకపోలేదు గాని, వాళ్లు తిరిగింది బేరాల కోసం. కరీంనగర్ మిషను దవాఖాన డాక్టరమ్మ ఇంట్లో ఆయాగా కుదిరిన నాటి నుంచి, ఆ కుటుంబం సముద్రం దాటి తమ దేశం వెళ్లిపోయేదాకా, ఏటా ఏప్రిల్ ఆఖరున సాయవ్వ డాక్టరమ్మతో కలిసి, ఆమె పిల్లలు ముగ్గురిని వెంటబెట్టుకొని కాజీపేటలో రైలెక్కేది. జూన్‌లో వానలు మొదలయ్యాక తిరిగివచ్చేది.

మరి సాయవ్వ కడుపున పుట్టినవాళ్లు ఎక్కడ ఉండేవారు? అక్క రిబ్కమ్మ దగ్గర.

చొప్పదండి ఎండ మామూలుది కాదు. మధ్యాహ్నానికి మట్టిగోడ కూడా రొట్టె పెనంలా కాలుతుంది. ఆ ఎండలో రిబ్కమ్మ కూలికి పోయి వచ్చి, చెల్లెలి పిల్లలిద్దరికీ ఇంత వండిపెట్టి, నేల మీద నీళ్లు చల్లి పడుకోబెట్టేది. ఒక ఏడు చిన్నపిల్లకు తట్టు పోసింది. పద్నాలుగు రోజులు వేపమండలతో విసిరింది రిబ్కమ్మ. ఊటికి ఉత్తరం మాత్రం రాయించలేదు. జూన్‌లో దిగిన సాయవ్వకు పిల్ల ఒంటి మీద మచ్చలు చూశాకే సంగతి తెలిసింది. "చెప్పకపోతివేందే అక్కా" అని ఏడిస్తే, "చెప్తె ఏం చేద్దువు? నౌకరి ఇడిసి ఉరికొద్దువు. పిల్ల బతికింది, నౌకరి నిలిచింది. ఇంకేం గావాలె?" అన్నది రిబ్కమ్మ.

సాయవ్వ ఆ మాట మరువలేదు. పిల్లలు పెద్దవాళ్లై, పెళ్లిళ్లై వెళ్లిపోయాక, పంతొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం దసరా వెళ్లిన తెల్లవారి అక్క ఇంటికి పోయి గడపలో కూర్చున్నది.

"అక్కా, కొత్త సంవత్సరం ఆరాధన అయినంక మనం ఊటికి పోతున్నం."

రిబ్కమ్మ చేటలో బియ్యం చెరుగుతున్నది. చెయ్యి ఆపలేదు. "ఎవరి పిల్లల్ని ఎత్తుకోనీకి?"

"ఎవ్వరి పిల్లలు లేరు. నువ్వు, నేను, మీ మరిది. సూసి వచ్చుడే."

"చలికాలం చలికి పోవుడేందే? ఎండాకాలం పొయ్యికాడ కూసున్నట్టు! ఇచ్చోడల పదేండ్లు కాపురం చేసినదాన్ని. చలంటే నాకెరుక లేదా?"

రిబ్కమ్మ పెనిమిటి అడవి పనుల్లో కూలి. ఆయన బతికున్నన్నాళ్లు ఇచ్చోడలో, ఘాటు మీది చలిలోనే ఉన్నారు. ఆయన పోయాక పుట్టినూరికి వచ్చింది.

"ఎండాకాలం మద్రాసు మొత్తం ఆ గుట్ట మీదనే ఉంటది అక్కా" అన్నది సాయవ్వ. "అర్ర కిరాయి అడిగితెనే గుండె ఆగుతది. చలికాలం బంగ్లాలకు తాళాలు. మేముండే బంగ్లా కావలాయన దేవసహాయం నాతోని ఎన్నిసార్లో అన్నడు, చలికాలం రా ఆయా, ఊరంతా మనదే అని. మనసొంటోళ్లకు సందు దొరికేది గప్పుడే."

అంతటితో ఆగలేదు. వేలు మడుస్తూ చెప్పింది. దారి తిండి ఇంటి నుంచే: సకినాలు, సర్వపిండి, వేయించిన అటుకులు, చింతపండు, ఉల్లిగడ్డ కారం. బియ్యం ఒక సంచి, అక్కడ పొయ్యి వాళ్లది, వండుకోవడం మనది. కప్పుకోవడానికి గొంగళ్లు, పక్కింటి కిష్టవ్వ వాళ్ల కురుమ చుట్టాలవి, అడిగితే ఇస్తారు. ఇక చూసేవి పూలతోట, చెరువు, దారిలో కూనూరు పార్కు. ఇంకా దిగువన అడవిలో ఏనుగులుంటాయి గాని, దానికి వేరే బస్సెక్కాలి. అది పెట్టుకుంటే కూనూరులో దిగడం కుదరదు.

"ఇచ్చోడల పులినే సూసిన, ఇగ ఏనుగెందుకు?" అన్నది రిబ్కమ్మ. అని, నాలుక కరుచుకున్నది. పోవడానికి ఒప్పుకున్నట్టే కదా మరి.

ఆ సంగతి పొద్దుగూకకముందే వాడంతా పాకింది. సాయవ్వ ఊటి కథలు వాళ్లకు కొత్త కాదు. నమ్మినవాళ్లు తక్కువ, విన్నవాళ్లు ఎక్కువ. కిష్టవ్వ అయితే బావికాడ అందరి ముందే అడిగింది. "వదినె, ఆ గుట్ట రైలుకు ఇంజను ఎనుక ఉండి నూకుతదంటివి గద. మరి ముందేముంటది, ఎడ్లా?"

"ముందు నువ్వు కూసో, సరిపాయె" అన్నది సాయవ్వ.

పోవాలంటే ముందు దేవసహాయానికి ఉత్తరం రాయాలి. అర్ర తెరిచి పెట్టమని, వచ్చే తారీఖు ఇదీ అని. ఉత్తరాలు రాసే మనిషి ఊళ్లో అంతయ్య. నిజాం కాలంలో తహసీలు కచేరీలో గుమాస్తా చేసి దిగిపోయినవాడు. ఉర్దూ పారుతుంది, ఇంగ్లీషు కూడబలుక్కుంటాడు. షేర్వాణీ గుండీలు పెట్టుకోకుండా కలం పట్టడు.

"పేరు?" అన్నాడు అంతయ్య.

"దేవసహాయం. బంగ్లా కావలాయన."

"ఊరు?"

"ఊటి. మెట్టుపాళెం మీదికెల్లి పోవాలె."

అంతయ్య కలం ఆపి, కళ్లద్దాల మీదుగా చూశాడు. "మెట్టుపాళెం కాదు. మెట్‌పల్లి."

"కాదు సారూ. మెట్‌పల్లి మన కోరుట్ల అవుతల గద. ఇది గుట్ట కింది టేషను…"

"నీకు నోరు తిరుగుతలేదు సాయవ్వా. పాళెం అంటే ఏంది? పల్లే గద! ముప్పై ఏండ్లు తాలూకాల పేర్లు రాసినోన్ని. నాకు నేర్పుతవా?"

చదువుకున్న మనిషి కదా, ఆయనకే తెలుసునేమో అని సాయవ్వ ఊరుకున్నది. అక్కడే పొరపాటు చేసింది. అంతయ్య దీర్ఘాలు తీస్తూ చక్కని ఇంగ్లీషు అక్షరాలతో రాశాడు. ఊటి గ్రామం, మెట్‌పల్లి తాలూకా, జిల్లా కరీంనగర్.

ఆ ఉత్తరం మెట్‌పల్లి తాలూకాలో ఎన్ని ఊళ్లు తిరిగిందో, ఎంతమంది దేవసహాయాలను అడిగిందో దానికే తెలియాలి. నెల దాటాక, మూలలు నలిగి, ముద్రల మీద ముద్రలు పడి చొప్పదండికే వచ్చింది. వెనుకవైపు ఎర్ర సిరాతో రాసి ఉన్నది. ఈ తాలూకాలో ఊటి అను గ్రామము లేదు.

తపాలా మనిషి దాన్ని బావికాడ నలుగురిలో చదివి వినిపించాడు. ఇక చూడాలి.

"ఊటి లేనే లేదంట!" అన్నది కిష్టవ్వ. "సర్కారోళ్లే రాసిచ్చిన్రు. పదకొండేండ్లు ఎక్కడికి పోయినవ్ వదినె, నిజం చెప్పు. మెట్‌పల్లిల పసుపు ఏరినవా?"

నవ్వులు. సాయవ్వ బిందె ఎత్తుకొని వచ్చేసింది. బావికాడి నవ్వు ఆమెను అంతగా తాకలేదు. తాకింది అక్క మాట. రిబ్కమ్మ ఆ రోజు వచ్చి, పక్కన కూర్చొని, మెల్లగా అన్నది. "ఫికర్ చెయ్యకే పొల్లా. పోకుంటే ఏమాయె. నువ్వు చెప్తుంటె ఇన్న. సూసినట్టే అయింది."

అంటే అక్క కూడా నమ్మలేదు. పదకొండేళ్లు పిల్లలను సాకిన మనిషి, చెల్లెలు అబద్ధం ఆడినా సరే కడుపులో పెట్టుకుందామని చూస్తున్నది. సాయవ్వకు కోపం రాలేదు, పౌరుషం వచ్చింది. ఈ అక్కను ఊటి గుట్ట మీద నిలబెట్టకపోతే తన బతుకెందుకు?

భర్త అహరోను ఒక ఉపాయం చెప్పాడు. "కరీంనగర్ పోయి దవాఖానల అడుగుదాం."

"ఎవ్వరిని అడిగేది లేదు" అన్నది సాయవ్వ. ఇంట్లో మూలనున్న రేకు పెట్టె బయటికి తీసింది. డాక్టరమ్మ వెళ్తూ వెళ్తూ ఇచ్చిన పెట్టె. దాని మూత మీద అచ్చు కాగితం ఒకటి అతికించి ఉన్నది, అంచులు పసుపుబారి. ఏటేటా సామానుకు అట్లాంటి కాగితాలు గంజితో అతికించింది సాయవ్వే. దాని మీద ఏమున్నదో ఆమెకు చదవరాదు. కాని ఒకటి తెలుసు. "గీ కాయితం అతికిచ్చిన పెట్టె ఒక్కపారి గూడ తప్పిపోలే. పదకొండేండ్లు సక్కగ ఊటిల దిగింది. ఉత్తరం ఎందుకు దిగది?"

పెట్టెను నెత్తి మీద పెట్టుకొని, దొడ్డిదారిన కాకుండా నడివాడలో నుంచే నడిచింది. ఎక్కడికో తెలుసుకోకపోతే కిష్టవ్వకు అన్నం సయించదు. ఆమె కూడా వెంట వచ్చింది. అంతయ్య అరుగు మీద పెట్టె దించి, "సదువుండ్రి సారూ" అన్నది సాయవ్వ.

అంతయ్య వంగి, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే పలికాడు. "ఓ… ఓ… టీ… ఇది ఊటి పొడుగు పేరు లెక్కున్నది. నీలగిరి జిల్లా. ఇగ మీదికెల్లి అంటె… ఎం, ఈ, టీ, టీ… మెట్టు…" వేలు ఆగిపోయింది.

"ఊఁ?" అన్నది సాయవ్వ.

"…పాళ్యం."

"పల్లి లేదా సారూ?" అన్నది కిష్టవ్వ, తొంగిచూస్తూ.

"ఉండుండు. అచ్చేసినోడు తప్పేసి ఉంటడు."

"పదకొండేండ్లు ఒక్కతీరుగ తప్పేసిండా సారూ?" అన్నది సాయవ్వ.

అంతయ్య కళ్లద్దాలు తీసి తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. ఆ కాగితం అప్పటికీ మారలేదు. కాసేపటికి లోపలికి పోయి, కొత్త కవరు, సిరాబుడ్డి తెచ్చుకొని కూర్చున్నాడు. "సాయవ్వా, ఇగ నువ్వు చెప్పు. నేను రాస్త" అన్నాడు.

ముప్పై ఏళ్లు తహసీల్దార్లు చెప్తే రాసిన చెయ్యి అది. సాయవ్వ అరుగు కింద కాదు, అరుగు మీదనే కూర్చొని చెప్పింది.

పద్దెనిమిది రోజులకు జవాబు వచ్చింది. దాన్ని అంతయ్యే బావికాడికి తెచ్చి చదివాడు, అడక్కుండానే, ఒకటికి రెండుసార్లు. బంగ్లా మూసి ఉన్నది, వెనుక వంటింటి పక్క అర్ర తెరిచి పెడతాను, కట్టెలున్నాయి, బియ్యం తెచ్చుకోండి, ఇయ్యగలిగింది ఇయ్యండి. పూలు ఇప్పుడు కొంచెమే, కాని తోట మొత్తం ఖాళీ. పొద్దున గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకడుతుంది, ముసలివాళ్లుంటే గట్టి బట్టలు తేవలెను.

"ఇన్నరు గదా? ఊటి ఉన్నది!" అన్నాడు అంతయ్య, తానే కనిపెట్టినట్టు.

"ఎనుక ఇంజను సంగతి రాయలేదా సారూ?" అన్నది కిష్టవ్వ. అయినా గొంగళ్లు మూడు మాత్రం ఆమే తెచ్చి ఇచ్చింది, ఎండలో వేసి, దులిపి మరీ. "వచ్చినంక అన్ని చెప్పాలె వదినె. ఒక్కటి గూడ దాపెట్టద్దు. పానం ఆగది నాకు."

బయలుదేరే ముందునాడు అంతయ్య ఒక మూట పట్టుకొచ్చాడు. విప్పితే ఆయన ఉన్ని షేర్వాణీ. "అహరోనుకు చలిపెడ్తది. ఏసుకోమను" అని వెనుదిరిగాడు. తప్పైంది అని అంతయ్య నోట ఊళ్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఆ షేర్వాణీయే ఆ మాట.

అహరోను తొడుక్కొని మెడ నిక్కించాడు. "నవాబు లెక్క ఉన్న గదనే?"

"ఉన్నవు. ఇగ బియ్యం సంచి ఎత్తుకో నవాబు" అన్నది సాయవ్వ.

కాజీపేట, మద్రాసు, అక్కడ బండి మారి మెట్టుపాళెం. దారిలో సకినాలు అయిపోయాయి, సర్వపిండి మిగిలింది. మెట్టుపాళెంలో చిన్న బండి ఎక్కేముందు రిబ్కమ్మ ఒక్కతే బండి చివరిదాకా నడిచి పోయింది. తిరిగివచ్చి చెల్లెలి ముఖం వైపు చూడకుండా, "ఎనుకనే ఉన్నదే" అన్నది.

"నేనేం చెప్పిన?"

"చెప్పినవు. నేనే… సరె తియ్యి."

ఆ 'సరె తియ్యి'తో సాయవ్వ కడుపు నిండిపోయింది. కూనూరులో దిగి పార్కులో చెట్ల కింద అన్నం మూట విప్పుకున్నారు. ఆకాశం అందుకునే చెట్లను రిబ్కమ్మ మెడ వెనక్కి వంచి చూసి, "గీటిని నాటినోడు సూడనే లేదు గదనే గింతెత్తు" అన్నది. మళ్లీ బండెక్కి, పొద్దు వాలేవేళకు ఊటిలో దిగారు.

బంగ్లా దారి ఎత్తుగా ఉన్నది. సాయవ్వకు అలవాటే, ముందు నడిచింది. వెనుక బియ్యం సంచి ఎత్తుకొని అహరోను, ఆ వెనుక మెల్లగా రిబ్కమ్మ. తల నుంచి మడమల దాకా నల్ల గొంగడి కప్పుకొని, ఒక్కొక్క అడుగే వేస్తూ, దమ్ము తీసుకోవడానికి ఆగినప్పుడల్లా లోయవైపు తిరిగి చూస్తూ వస్తున్నది.

గేటు దగ్గర దేవసహాయం నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసింది గాని నవ్వు అదే. "వచ్చినావా ఆయా!" అన్నాడు తన వచ్చీరాని తెలుగులో. అలవాటు కొద్దీ, ఏటా వెనుక మెల్లగా ఎక్కివచ్చే డాక్టరమ్మ కోసం ఆమె భుజం మీదుగా దారి వైపు చూశాడు. "దొరసాని ఎక్కడ? వెనక వస్తున్నారా?"

సాయవ్వ నెత్తి మీది మూట దించింది. వెనక్కి తిరిగి, ఎక్కివస్తున్న ఆ నల్ల గొంగడిని చూసింది.

"వస్తున్నది" అన్నది. "గామెనే. మా అక్క."

దేవసహాయం ఒక్క క్షణం ఇద్దరినీ చూశాడు. మనుషులు నడిచేటందుకు తెరిచే ఒంటి రెక్క తెరిచి ఉన్నది. ఆయన రెండో రెక్క గొళ్లెం కూడా తీసి, గేటు బార్లా తెరిచి, పక్కకు జరిగి చేతులు జోడించాడు. "రండమ్మా."

రిబ్కమ్మ గొంగడి సర్దుకున్నది. అటూ ఇటూ చూడలేదు. ఏటా వచ్చే మనిషిలా గేటు నడిమధ్య నుంచి లోపలికి నడిచి, నాలుగడుగులు వేశాక మరిది వైపు తిరిగి అన్నది.

"సామాను జర పైలం, అహరోనూ."