కుడికి తిప్పితే ఊడే మర

మా మరిదికి తెలియని పని ముంబైలో లేదు. ట్యూబులైటు మాడినా, కుళాయి కారినా, పక్కగదావిడ మోకాలు వాచినా ముందు ఆయన అభిప్రాయం వినాలి, తర్వాత జరిగిన నష్టం చూసుకోవాలి. మా ఆయన పోయి నాలుగేళ్లయింది. అప్పటినుంచి పక్క గదిలో ఉండే ఈ తమ్ముడు నాకు తానే దిక్కు అనుకుంటున్నాడు. నేను మున్సిపల్ బడిలో తెలుగు టీచరును. ఎవరి తప్పు ఎక్కడుందో చూడగానే పట్టుకుంటానని పేరు. ఆయన తప్పులు మాత్రం చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఇంట్లో మగమనిషి మాట ఒకటి ఉండాలని, గదికో కాపురం ఉండే మా చాల్‌లో అందరూ అనేవారు. నేనూ అలాగే అనుకున్నాను కాబోలు.

మోకాళ్లు అరిగాక నేనొక కరెంటు సైకిలు కొనుక్కున్నాను. మామూలు సైకిలే, కాకపోతే వెనక చక్రం నడిమధ్య కుండమూతంత మోటారు ఉంటుంది. అది కొన్న రోజున కామాటిపురలో మా గల్లీ గల్లీ అంతా గదుల ముందు గ్యాలరీల్లో నిలబడి నవ్వింది. యాభై దాటిన ఆడది, అదీ చీర కట్టుకుని సైకిలెక్కడమేమిటని. ఆ నవ్విన వాళ్లలో సగంమంది తర్వాత ఎన్నోసార్లు నన్ను ఆపి, మందులో పాలో తెచ్చిపెట్టమని అడిగారు.

ఈ వానాకాలంలో గల్లీలోకి నీళ్లొచ్చి, సైకిలు ఒక పగలూ రాత్రీ సగందాకా మునిగింది. నీళ్లు తీశాక చూస్తే మోటారు నిక్షేపంగా తిరిగింది. చెడిపోయింది దాని పక్కనున్న ఫ్రీవీలు. చైను పట్టుకునే పళ్లచక్రం అది. తొక్కినంతసేపు చక్రాన్ని తిప్పుతుంది, తొక్కడం ఆపితే చైనును ఊరికే వదిలేస్తుంది. నాది తుప్పుపట్టి బిగుసుకుపోయింది. మోటారు నడిచినంతసేపూ పెడళ్లు వాటంతటవే గిరగిరా తిరిగేవి. కాళ్లు పైకెత్తుకుని కూర్చుంటే పిక్కల మీద కొట్టేవి. మూడు రోజులు ఆ దెబ్బలతోనే బడికి వెళ్లాను. నాలుగోరోజు మా మరిది చూశాడు.

“ఇది అరగంట పని వదినె. నువ్వు బాజుకు జరుగు,” అన్నాడు.

ఆయన ఎప్పుడో కుర్రతనంలో నాగ్‌పాడాలో ఒక వర్క్‌షాపులో ఆరు నెలలు ఉన్నాడు. ఎందుకు మాన్పించారో ఎవరూ చెప్పరు. ఆ ఆరు నెలల మీద ఇప్పటికి ముప్ఫై ఏళ్లుగా బతుకుతున్నాడు. చక్రం విప్పడానికి ముందే మోటారు వైరు కోయడానికి పటకారు తీశాడు.

“ఆగు. దానికి జాయింటు ఉంటుంది, లాగితే వస్తుంది,” అన్నాను.

“ఎక్కడుంటది? నాకు తెల్వదా?”

ఉంది. చైను పక్క గొట్టానికి నల్ల టేపు చుట్టి ఉంది. నేనే టేపు విప్పి, జాయింటు లాగి చూపించాను. ఆయన దాన్ని చూసి, “గదే చెప్తున్న,” అన్నాడు.

ఫ్రీవీలు చక్రానికి సీసా మూతలా మరచుట్లతో బిగించి ఉంటుంది, ఎడమకు తిప్పితే ఊడాలి. తొక్కేకొద్దీ అది ఇంకా బిగుస్తుంది కాబట్టి మామూలుగా చేత్తో రాదు. మా మరిది కిరసనాయిలు పోశాడు. కొబ్బరినూనె పోశాడు. గ్యాలరీలోంచి నలుగురు పెద్దమనుషులు నాలుగు సలహాలు విసిరారు. వేడిచేస్తే వదులుతుందని ఒకరు, మంచుముక్క పెట్టమని ఇంకొకరు. వాళ్లలో ఎవరింట్లోనూ సైకిలు లేదు. చివరికి ఆయన ఉలీ సుత్తీ పట్టుకుని పళ్ల మీద కొట్టడం మొదలుపెట్టాడు. మూడు పళ్లు విరిగాయి. నాలుగో దెబ్బ జారి వైరు మీది రబ్బరును పైపైన చీరింది. అప్పుడు గమనించాను, ఆయన ఇంతసేపూ కుడివైపుకు కొడుతున్నాడు.

“అటు కొడితే బిగుస్తుంది కదా?”

“వదినె, పుస్తకాలు వేరే, పని వేరే,” అన్నాడు చెమట తుడుచుకుంటూ.

ఫోరస్ రోడ్‌లో ఒక సైకిలు దుకాణం ఉంది. చక్రం అక్కడికి పట్టుకెళ్లాను. ఫ్రీవీలు గాడిలో కూర్చునే గొట్టంలాంటి పనిముట్టు దుకాణాయన దగ్గర ఉంది. కానీ మోటారు చక్రం ఇరుసు లావు. పైగా దాని కొనలోంచే వైరు బయటికొస్తుంది. ఆ గొట్టం దూరదు. రెండుసార్లు పెట్టి చూసి, తప్పు నాదే అయినట్టు నా మొహం చూశాడు. మామూలు సైకిలు కొనుక్కోవలసింది అన్నాడు. సైకిలు అమ్మిన వాళ్లకు ఫోను చేస్తే ఒక అమ్మాయి తియ్యగా, మొత్తం చక్రం మోటారుతో సహా మార్చాలంది. చొక్కాకు గుండీ ఊడితే చొక్కా పారేయమన్నట్టుంది. సరేనని దుకాణాయన దగ్గర కొత్త ఫ్రీవీలు ఒకటి మాత్రం కొనుక్కుని బయటపడ్డాను.

ఆదివారం పొద్దున చక్రాన్ని భుజాన వేసుకుని నాగ్‌పాడా వైపు బయల్దేరాను. అక్కడ ఇనుపపనివాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారని. మోటారుతో అది చిన్న గ్యాస్‌బండంత బరువు. మా మరిది వెంట వచ్చాడు, ఖాళీ చేతులతో.

“వజన్ ఉంటది వదినె, మెల్లగ నడువు,” అంటూ.

దారిలో కూలీల అడ్డా ఉంది. పాలమూరు నుంచి వచ్చినవాళ్లు పొద్దున్నే అక్కడ నిలబడితే, మేస్త్రీలు వచ్చి కావలసినవాళ్లను ఏరుకుని తీసుకెళతారు. ఆ వేళకు పని దొరకనివాళ్లు నలుగురైదుగురు మిగిలారు. అందులో ముప్ఫై అయిదేళ్ల ఆడమనిషి ఒకామె గంప బోర్లించుకుని కూర్చుని ఉంది. నేను ఊపిరి తీసుకోవడానికి చక్రం దించితే, ఆమె నా వైపు చూడలేదు, చక్రం వైపు చూసింది.

“ఫ్రీవీల్ జామైందా మేడం? ఈ పండ్లు ఎవలు ఇరగ్గొట్టిన్రు?”

“మా మరిది,” అన్నాను.

ఆమె మా మరిదిని ఒకసారి పైనుంచి కిందికి చూసింది.

“నీకెలా తెలుసు ఇదంతా?” అన్నాను. కాపీ కొట్టిన పిల్లను అడిగే గొంతుతో అడిగాను. అది నాకు అప్పుడే వినిపించింది.

“మా నాయనది కిరాయి సైకిళ్ల దుకాణముండె. నా పెండ్లి అయ్యేదాంక ఫ్రీవీల్లు నేనే ఇప్పుతుంటి. ఇనుముని కదలకుంట పట్టే వైసు, బల్లకు బిగించింది, ఒకటి దొర్కాలె, అంతే.”

“ఈ పాలమూరోళ్లతోని ఏంది వదినె,” అన్నాడు మా మరిది, ఆమెకు వినపడేలాగే. “మన తాతలు కట్టిన ముంబై ఇది. వీళ్లు మనకు నేర్పాల్నా?”

ఆయన జీవితంలో ఒక్క ఇటుక పెట్టలేదు. తాపీ ఏ చేత్తో పట్టాలో తెలియదు. తాపీపనికి వలసొచ్చిన తాతల పేరు చెప్పుకుని నీడన కూర్చోవడం మా చాల్‌లో అందరికీ వచ్చిన విద్య. ఆమె లేచి చక్రం తన నెత్తిన పెట్టుకుంది. మేం వెనక నడిచాం.

గ్రిల్లులు చేసే ముసలాయన షాపులో వైసు దొరికింది. ఆయన ఆమెనూ నన్నూ చూసి, ఇది ఆడవాళ్ల పని కాదని హిందీలో చెప్పి, బీడీ ముట్టించుకుని తమాషా చూడటానికి స్టూలు లాక్కున్నాడు. ఆమె కొంగు బిగించి, తన సంచిలోంచి కాంక్రీటు మేకొకటి తీసింది. ఫ్రీవీలు ముఖాన ఒక రింగు, దానికి రెండు చిన్న గుంతలు ఉన్నాయి. మేకు మొన గుంతలో పెట్టి, సుత్తితో కుడివైపుకు కొట్టింది.

“ఉల్టా కొడుతున్నవ్,” అన్నాడు మా మరిది, తాను కొట్టిందీ అటేనని మరిచిపోయి.

“ఈ రింగు మర ఉల్టానే ఉంటది,” అందామె తల ఎత్తకుండా. “ఇది కుడికి ఊడుతది. లోపలిది ఎడమకు ఊడుతది. అందరు ఈడనే ఆగమైతరు.”

నాలుగో దెబ్బకు రింగు కదిలింది. దాన్ని తీసి, పళ్లచక్రం పైకి లాగగానే తుప్పునీళ్లలో నానిన ఇనుప గుండ్లు జలజలా నేల మీద రాలాయి. ఇక చక్రానికి మిగిలింది లోపలి గట్టి ముక్క ఒక్కటే. చక్రాన్ని బోర్లించి, ఆ ముక్కను వైసు దవడల మధ్య పెట్టి, ఇద్దరం కలిసి పిడి బిగించాం. చక్రం వైసు మీద పడుకుని ఉంది. ఆమె ఒక పక్క, నేను ఒక పక్క టైరు పట్టుకున్నాం.

“ఇసుర్రాయి తిప్పినట్టు, ఎడమకు. ఒక్కపారి గట్టిగ,” అంది.

మొదటిసారి కదల్లేదు. రెండోసారి నా భుజంలో ఏదో పట్టేసింది. మూడోసారి టక్కుమని ఒక చప్పుడు వచ్చింది. విరిగిందనుకున్నాను. విరగలేదు, వదిలింది. ఆ తర్వాత రెండు చుట్లు తిప్పేసరికి చక్రం మా చేతుల్లోకి వచ్చింది. ముసలాయన ఆరిపోయిన బీడీ అలాగే పట్టుకుని చూస్తున్నాడు.

“నేను మొదలే లూజ్ చేసి పెట్టిన కదా,” అన్నాడు మా మరిది ఆయనతో.

ఆమె మర మీది తుప్పు కొంగుచివరతో తుడిచి, ముసలాయన ఇచ్చిన గ్రీజు రాసి, కొత్త ఫ్రీవీలు చేత్తోనే తిప్పి ఎక్కించింది. నేను, “నువ్వెక్కడుంటావు?” అని అడిగాను.

“మీ చాల్ వెనకనే, కొత్తగ కడుతున్న బిల్డింగుల. మొన్న నీళ్లకు వచ్చిన. మీరు నాకెరుకే.”

నాకు గుర్తొచ్చింది. మా కుళాయి దగ్గరికి కూలీల ఆడవాళ్లు డబ్బాలతో వస్తున్నారని చాల్‌లో మీటింగు పెట్టారు. ‘బయటివారికి నీళ్లు ఇవ్వబడవు’ అని తెలుగులో ఒక బోర్డు పెట్టాలన్నారు. అందరిలోకీ అక్షరాలు బాగుండేది నాకే కాబట్టి అట్ట నాకిచ్చారు. రాశాను. సున్నాలు గుండ్రంగా, గీతలు వంకర లేకుండా. మా చాల్ పిల్లలకు తెలుగు చదవడం రాదు, అందరూ మరాఠీ, హిందీయే. నా క్లాసులో కూర్చునేది కూడా ఈ పాలమూరు పిల్లలే. ఆ బోర్డును చదవగలిగిన వాళ్లు ఎవరంటే, వద్దని మేము తరిమినవాళ్లు. అది రాస్తున్నప్పుడు నాకు తట్టనే లేదు.

“బోర్డు మీరే రాసిన్రంట కదా,” అంది ఆమె. గొంతులో కోపం లేదు. “అక్షరాలు మంచిగున్నయ్ మేడం.”

నేను మా మరిదిని చూసి ఎంతగా చీదరించుకున్నానో, నన్ను చూసి నాకు అంతకంటే ఎక్కువ చీదర వేసింది. ఆయన తెలియక తప్పు వైపు కొట్టాడు. నేను ఎవరిని తరుముతున్నానో తెలిసే రాశాను. ఆమె పనికి కూలి ఇస్తే మొహమాటం లేకుండా తీసుకుని, గంప చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే కిందికి దిగి ఆ అట్ట పీకేశాను. పెద్దమనుషులు మళ్లీ మీటింగు పెట్టారు. టీచరమ్మకు వయసుతో చాదస్తం పెరిగిందన్నారు. మా మరిది హిందీలో కొత్త బోర్డు రాశాడు, మూడు మాటల్లో రెండు తప్పులు. ఆడవాళ్లు డబ్బాలు తెచ్చి నింపుకుంటూనే ఉన్నారు. ఎవరైనా అడ్డుపడితే, “మాకు హిందీ చదవరాదు,” అంటున్నారు. నేను గ్యాలరీలో నిలబడి, “నిజమే, వాళ్లకు రాదు,” అని సాక్ష్యం చెబుతున్నాను. ఇందులో గొప్పతనమేమీ లేదు. నీళ్లు నావి కావు.

సైకిలు బాగానే నడుస్తోంది. ఆ బిల్డింగు స్లాబు పూర్తయ్యాక ఆమె గుంపు ఎటో వెళ్లిపోయింది. ఎటు అని అడిగితే మేస్త్రీకి కూడా సరిగ్గా తెలియదు.

పోయిన వారం మా గల్లీ చివర ఇంటాయన సామాన్లు చేరవేసే కరెంటు సైకిలుకు ఇదే జబ్బు వచ్చింది. ఆయన మా మరిదిని పిలిచాడు. మా మరిది చుట్టూ పదిమందిని నిలబెట్టుకుని, తాను నాది ఎలా విప్పాడో చెబుతూ ఉలి తీశాడు. గ్యాలరీలోంచి విన్నాను. మేకూ సుత్తీ పట్టుకుని మెట్లు దిగి వెళ్లి, “జరుగు,” అన్నాను.

“వదినె, నీకెందుకు...”

“జరుగు.”

జరిగాడు. నేను నేల మీద చతికిలబడి, రింగు గుంతలో మేకు మొన పెట్టాను. మొదటి దెబ్బ నా బొటనవేలి మీద పడింది. పైనుంచి ఎవరో నవ్వారు. రెండోది కుడివైపుకు సరిగ్గా పడింది.