గెడ్డ పొంగకముందే

భుజాన వేసుకుని కొండెక్కలేని వస్తువేదీ మనింట్లో ఉండకూడదని మా ఆయన పెళ్లిచూపుల్లోనే చెప్పేశారు. పాస్టరు కదా, మాటవరసకి అన్నారనుకున్నాను. మా అమ్మ కొనిపెట్టిన బీరువా మైదాన ప్రాంతంలో మా అన్నయ్య ఇంట్లోనే ఉండిపోయింది. ముంచింగిపుట్టు దాటి లోపలికి, రోడ్డు లేని ఊళ్లో కాపురం పెట్టాం. సంఘం పెద్దలు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి మర్నాడే బయల్దేరాలి, ఎవరు కబురు పెడితే వాళ్లింటికి ఆ పూటే వెళ్లాలి. బైబిలు, ప్రభువు పేరిట రొట్టే ద్రాక్షరసమూ ఇచ్చే సంస్కారానికి చిన్న గిన్నె, ఓ జత బట్టలు, దుప్పటి. ఆయన సంసారమంతా ఓ సంచిలో పట్టేది. నేనొక్కదాన్నే అందులో పట్టడం లేదని దెప్పేదాన్ని. ఆయన నవ్వేసి ఊరుకునేవారు.

మొన్నటి వానాకాలంలో ఆయనకి జ్వరం తగిలింది. మొదట మాత్రలు మింగి అలాగే ఊళ్లు తిరిగారు. తర్వాత కళ్లు పచ్చబడ్డాయి, మాట తడబడింది. మా ఊరి ఆశా కార్యకర్త వేలు గుచ్చి రక్తం చూసి, మలేరియా ముదిరిపోయింది, ఇక్కడ ఉంచొద్దంది. గుట్టెక్కితేగాని ఫోన్ సిగ్నల్ దొరకదు. ఆ పిల్లే పరుగున ఎక్కి అంబులెన్సుకి ఫోన్ చేసింది. గెడ్డ అవతల రోడ్డు మీద ఉంటామన్నారు వాళ్లు. గెడ్డంటే మా కొండవాగు, దాని మీద వంతెన లేదు. అక్కడిదాకా డోలీలో మోసుకెళ్లి, పొంగకముందే దాటించాలి. పైన కొండల మీద అప్పటికే మబ్బు కమ్మేసింది.

సంఘస్తులు వెదురుబొంగుకి దుప్పటి కట్టి డోలీ సిద్ధం చేశారు. ఇంక మొదలైంది. మా కొండల్లో మనిషిని ఆసుపత్రికి ఉత్త చేతులతో పంపరు. కింద ఎవరు వండిపెడతారని వాళ్ల బెంగ. ఒకామె సామబియ్యం మూట తెచ్చింది, ఒకాయన గుమ్మడికాయ, మరొకామె కాళ్లు కట్టేసిన కోడిపెట్ట. వంటగిన్నె, కట్టెలు కూడా వచ్చాయి. అన్నీ డోలీ బొంగుకే వేలాడదీస్తున్నారు. వద్దంటే నొచ్చుకుంటారు. ఆ రోజు నేను ఎవరి మనసూ చూడలేదు. ఒక్కొక్కటే విప్పి అరుగు మీద పడేశాను. కోడిపెట్ట తెచ్చినామె కళ్లు తుడుచుకుంది. ఆయన మాత్రం డోలీలోంచి చెయ్యి చాపి తన సంచి అడిగారు. అదొక్కటీ కాదనలేక ఇచ్చాను.

దారిలో వాన పట్టుకుంది. సగం దూరంలో ఓ చిన్న పల్లె. అక్కడ ఒకతను దారికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. వాళ్లమ్మకి ఊపిరి అందడం లేదట, సంస్కారం తీసుకోందే కన్ను మూయనని పొద్దుట్నుంచీ అయ్యగారి కోసం చూస్తోందట.

"అయ్యగారికే బాగులేదు, కనపళ్లేదా నీకు?" అన్నాను.

మోసేవాళ్లలో పెద్దాయన, "గెడ్డ పొంగిపోతాదమ్మా, బేగి పోవాల" అన్నాడు.

డోలీలోంచి మా ఆయన "దింపండి" అన్నారు.

దింపొద్దని అరిచాను. పిల్లలు కూడా లేరు, నాకున్నది మీరొక్కరే, ఈ ఒక్క పూట నా మాట వినండని బతిమాలాను. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆయన నా వైపు చూసి, "పిలిచారు కదే" అన్నారు. అయ్యగారు దింపమన్నాక నా మాట ఎవరు వింటారు?

ముసలమ్మ పక్కన కూర్చోబెడితే ఆయన నిలవలేకపోయారు. చేతులు వణికి గిన్నె ఒలికిపోతోంది. "నువ్వే ఇయ్యి" అన్నారు. మా సంఘంలో ఆడవాళ్లు రొట్టె విరిచి ఇవ్వకూడదు. ఎవరైనా అడ్డుచెబితే ఆ వంకతో లేచిపోదామని చుట్టూ చూశాను. అప్పటికే అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. ఆయన గొణుగుతూ మాటలు చెబుతుంటే నేను రొట్టెముక్క ఆమె నోట్లో పెట్టాను. ప్రార్థన కాదు కదా, జాలి కూడా లేదు నాలో. చెవులు గెడ్డ చప్పుడు మీదే ఉన్నాయి.

మేం చేరేసరికి గెడ్డ ఎర్రగా, ఒడ్లు ఒరుసుకుని పారుతోంది. అవతల అంబులెన్సు లైటు తిరుగుతూ కనిపిస్తోంది. పెద్దాయన బొంగు గుచ్చి లోతు చూసి, తల అడ్డంగా ఊపాడు. చెట్టు కింద డోలీ దింపించి ఆయన తల నా ఒళ్లో పెట్టుకున్నాను. నీ పని మీదే కదా ఈయన ఆగారు దేవుడా, ఈ నీళ్లు కాస్త తగ్గించలేవా అని పైకే అడిగాను. అందరూ విన్నారు. ఆయన కళ్లు తెరిచి, "నా మీద కోపమా?" అన్నారు. అవునన్నాను. "ఉండనీలే" అన్నారు. ఆ తర్వాత ఆయన ఇంక మాట్లాడలేదు. నీళ్లు తగ్గేసరికి దాటాల్సిన పని లేకపోయింది. డోలీని వెనక్కి తిప్పారు.

ఆ ముసలమ్మ బతికింది. కర్ర పట్టుకుని ప్రతి ఆదివారం మా ప్రార్థన గుడికి వస్తుంది. "దేవుడు ఈయమ్మ సేత రొట్టె పెట్టించి నన్ను లేపినాడు" అని నన్ను చూపించి సాక్ష్యం చెబుతుంది. చెప్పాక వచ్చి నా పక్కనే కూర్చుని, నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంటుంది. ఆ చెయ్యి లాగేసుకోవాలని ప్రతిసారీ అనిపిస్తుంది. ఇప్పటిదాకా లాక్కోలేదు.